సమ్మెట దెబ్బకు లేచినవాడు

దగ్గరికి జరగండి, ఇంకాస్త. గుమ్మంలో నిలబడ్డవాళ్లు లోపలికైనా రండి, బయటికైనా పొండి. అక్కడే ఉంటే నా గొంతు సగం వీధి పాలవుతుంది. ఆ మూల గుసగుసలాడే ఇద్దరికీ చెబుతున్నాను, మీ సంగతి రేపు తేల్చుకోవచ్చు. నా కథలో మనిషి చచ్చి రెండు రోజులైంది, అతను మీకోసం ఆగలేడు. దగ్గు వచ్చేవాళ్లు ఇప్పుడే దగ్గేయండి. అయిందా? ఇక నోళ్లకు గడియ పెట్టండి.

నేను కబేళాలో తోళ్లకు ఉప్పు పట్టించేవాణ్ణి. ముప్పై ఏళ్లు అదే పని. నా చేతులు ఎంత ఉప్పు తాగాయంటే, కూరలో ఉప్పు తక్కువైన రోజున మా ఆవిడ డబ్బా వెతుక్కునేది కాదు, నన్ను పిలిచి గిన్నెలో వేలు తిప్పి పొమ్మనేది.

అక్కడ పని ఎలా జరుగుతుందో ముందు చెప్పాలి, లేకపోతే మేం చేసిన పొరపాటు మీకు అందదు. పశువు లోపలికి వస్తుంది. ఇనప చట్రంలో దాని మెడ ఇరికిస్తారు. సమ్మెటవాడు నుదుటి మీద ఒక్కటి వేస్తాడు. అది కూలబడుతుంది. దాని కంట్లో వేలు పెట్టి చూసే పనీ నాదే. రెప్ప కదిలితే ఇంకో దెబ్బ. కదలకపోతే "అయింది" అని కేక. ఆ కేక వినగానే గొలుసువాడు వెనక కాలికి గొలుసు తగిలించి పైకి లాగుతాడు. తలకిందులుగా వేలాడుతుండగా కత్తివాడు వచ్చి గొంతు దగ్గర నరం తెంపుతాడు. వేడి రక్తం కాలవలో పడి పరుగెడుతుంది. దెబ్బకూ కత్తికీ మధ్య మీరు ముక్కు చీదుకునేంత సమయం ఉండదు. అందుకని, సమ్మెట దెబ్బ తిని కత్తి పడకుండా మిగిలిన పశువు ఆ తర్వాత ఏమవుతుందో మాలో ఒక్కడూ ఎన్నడూ చూడలేదు. చూసే అవకాశమే రాలేదు.

మా సమ్మెటవాణ్ణి పిడుగు అనేవాళ్లం. ఒకసారి అతను ఓ దున్నను కొడితే అది కూలింది సరే, వెనక వరసలో నిలబడ్డ రెండు దున్నలు మర్యాద కోసం వాటంతటవే పడుకున్నాయి. ఇరవై రెండేళ్లలో అతని చేతి దెబ్బ తిని లేచిన ప్రాణి లేదు. మనిషి మంచివాడే. మాట మాత్రం రాదు. పొద్దున్న నమస్కారం పెడితే సాయంత్రానికి తిరిగి పెట్టేవాడు.

కత్తివాడి పేరు సూది. మనిషి సన్నం, మాట ఇంకా సన్నం, గుచ్చుకున్నాక గానీ కనబడేది కాదు. నరం ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. అతను కోస్తే పశువుకు తను చచ్చిన సంగతి మర్నాడు గానీ తెలిసేది కాదు.

వీళ్లిద్దరూ బావాబావమరుదులు. పిడుగు చెల్లెల్నే సూదికి ఇచ్చి చేశారు. ఆవిడ అదే కబేళాలో పేగులు కడిగేది, అందుకని అందరికీ పేగులక్క అయింది. అన్న కూల్చేవాడు, మొగుడు కోసేవాడు, ఆవిడ కడిగేది. ఒక పశువు వాళ్ల ఇంటిల్లిపాది చేతుల మీదుగా పోయేదన్నమాట.

ఒక మంగళవారం పొద్దున, పని ఊపు మీదున్న వేళ, సూది కత్తి తుడుచుకుంటూ అందరూ వినేలా అన్నాడు.

"బావా, ఒక మాట చెప్పనా? నువ్వేదో చంపుతున్నానని అనుకుంటున్నావు. నీది జోలపాట. నిద్రపుచ్చుతావు, అంతే. చంపేది నేను."

నలభై మందిమి నవ్వాం. నేనైతే ఉప్పుబస్తా మీద పడి మరీ నవ్వాను. పిడుగుకు చెవులు ఎర్రబడ్డాయి. జవాబు కోసం నోట్లో వెతుక్కున్నాడు, దొరకలేదు. చేతిలో ఏముందో దానితోనే చెప్పాడు.

పూర్తిగా ఎత్తి కొట్టలేదులెండి. నడుం దాకా ఎత్తాడు, మేం దాన్ని దూడ దెబ్బ అంటాం. అయినా ఖాళీ పీపా మీద పడినట్టు మోగింది. సూది నిలబడ్డచోటే కుప్పకూలాడు. ముక్కులోంచి, ఎడమ చెవిలోంచి రక్తం కారింది. నేను పరుగెత్తుకెళ్లి అలవాటు కొద్దీ కంట్లో వేలు పెట్టాను. నా వేలు సంగతి చెప్పాను కదా. ఆ ఉప్పు వేలు తగిలితే రాతిబొమ్మకైనా కన్నీళ్లు రావాలి. అతని రెప్ప కదల్లేదు. అలవాటు కొద్దీనే "అయింది" అని కేకేశాను. గొలుసువాడు కూడా అలవాటు కొద్దీనే సూది కాలికి గొలుసు తగిలించి మూర ఎత్తున లాగేశాడు. అప్పుడందరం కత్తివాడి కోసం అటూ ఇటూ చూశాం. కత్తివాడు వేలాడుతున్నాడు.

దించాం. గుండె మీద చెయ్యి పెట్టి చూసినవాళ్లు పదిమంది ఉంటారు. కానీ మావన్నీ దున్న గుండెలకు అలవాటుపడ్డ చేతులు. దున్న గుండె కొట్టుకుంటే మోచెయ్యి దాకా అదురుతుంది. మనిషి గుండె చప్పుడు ఆ చేతులకు ఆనదు. ఒకడు ముక్కు దగ్గర కత్తి పెట్టి ఊపిరి పడుతుందేమో చూద్దామన్నాడు. కత్తి నిండా అప్పటికే తడే. రెప్ప కదల్లేదు కాబట్టి పోయాడని అందరం ఒప్పుకున్నాం. పశువుల డాక్టరు ఆ రెండు రోజులూ ఊళ్లో లేడు. మేనేజరు వచ్చి ముఖం తిప్పుకుని, దున్న కుమ్మిందని కాగితం రాసుకున్నాడు. సూదిని చల్లగదిలో, వేలాడే మాంసం మధ్య బల్ల మీద పడుకోబెట్టాం.

ఎన్ని రోజులు పడున్నాడంటారా? అడిగినవాణ్ణి బట్టి మారుస్తుంటాను. మీకు కాబట్టి రెండు రోజులే చెబుతున్నాను.

అసలు గండం ఇప్పుడు మొదలైంది. సూదికి ఇద్దరు తమ్ముళ్లు, ఇద్దరూ తోళ్లు ఒలిచే పని. ఆ సాయంత్రమే ఇద్దరూ అందరి ముందూ ముంజేతుల మీద కత్తితో గీసుకుని ఒట్టు పెట్టుకున్నారు. అన్న మీద మట్టి పడేలోగా పిడుగును చంపుతామన్నారు. పిడుగు పారిపోలేదు. నేను ఎక్కడికీ పోను, రమ్మనండి అని కబురు పంపాడు. సమ్మెట మాత్రం కింద పెట్టలేదు.

పేగులక్క ఎవరినీ తిట్టలేదు, ఏడవలేదు. చల్లగదిలో బకెట్టు బోర్లించుకుని మొగుడి పక్కన కూర్చుంది. మర్నాడు నేను ఐసు గడ్డలు మోసుకెళితే, తన లెక్క నాకు చెప్పింది. మొగుడు ఇక్కడున్నాడు. రేపు అన్నయ్య ఈ పక్క బల్ల మీదికి వస్తాడు. ఆ తర్వాత మరుదులిద్దరికీ ఉరి పడుతుంది. ఇక మిగిలేది తనూ, పేగులూ. మొగుడు ఎలాగూ పోయాడు, అన్నయ్యనైనా మిగుల్చుకోవాలి అంది. అందుకు దారేదో ఇంకా తోచలేదంది.

అప్పుడు పాస్టరు గారు వచ్చారు. రక్తం చూస్తే కళ్లు తిరిగే మనిషి. అలాంటి ఆయన్ను ఏరికోరి కబేళా గోడ పక్కనున్న మందిరానికి పంపించారు పైవాళ్లు. ఆయన వేలాడే మాంసం వైపు చూడకుండా, నేల మీదే చూపు నిలిపి ఓదార్పు మాటలు మొదలుపెట్టారు. పేగులక్క మధ్యలోనే ఆపింది. చచ్చినవాళ్లను లేపారని మీరు బైబిలు వాక్యంలో చదివారు కదా, ఎంతమందిని లేపారని అడిగింది.

ఆయన వేళ్లు మడుస్తూ చెప్పారు. ఊరి గుమ్మం దగ్గర పాడె మీద పోతున్న విధవరాలి కొడుకు. పన్నెండేళ్ల పిల్ల. నాలుగు రోజులు సమాధిలో ఉన్న లాజరు. ఆ తర్వాత శిష్యుల కాలంలో, పేదరాళ్లకు బట్టలు కుట్టిపెట్టే ఒకావిడ. ప్రసంగం సాగి సాగి, కిటికీలో కునికి, మూడో అంతస్తు నుంచి పడిపోయిన కుర్రవాడు. ఈ చివరివాడి దగ్గర ఆయన గొంతు కాస్త తగ్గింది. ఆయన ప్రసంగాలూ ఆ పొడవువే.

ఇవన్నీ గుర్తులమ్మా అన్నారు. చావు మీద ప్రభువుకు అధికారం ఉందని చూపించడానికి చేసినవి. అలా లేచినవాళ్లందరూ మళ్లీ చచ్చారు. మళ్లీ చావకుండా లేచింది ఆయనొక్కడే, మన ఆశ అక్కడ పెట్టుకోవాలి, ఈ శరీరం మీద కాదు అన్నారు. బాగానే చెప్పారు. వేలాడే మాంసం కూడా శ్రద్ధగా వింది.

"మళ్లీ చచ్చారో లేదో నేను అడగలేదు అయ్యగారూ," అంది పేగులక్క. "ఎవరి కోసం లేపాడో చెప్పండి."

ఆయన మళ్లీ వేళ్లు మడిచారు. కొడుకును లేపి తల్లికి అప్పగించాడన్నారు. పిల్లను తండ్రి వచ్చి కాళ్ల మీద పడితే లేపాడు. లాజరును అక్కచెల్లెళ్లు కబురు పెడితే వచ్చి, ముందు ఏడ్చి, తర్వాత లేపాడు. బట్టలు కుట్టే ఆవిడ కోసం విధవరాళ్లు ఆవిడ కుట్టిన చొక్కాలు పట్టుకుని నిలబడి ఏడ్చారు. పేగులక్క అందుకుంది.

"చచ్చినవాళ్లెవరూ అడగలేదుగా. అడిగింది బతికున్నవాళ్లు. నేనూ బతికే ఉన్నాను. ఇవాళ్టికి లేపమనండి. రేపు మళ్లీ పోతే పోనీండి. రేపటికి మావాళ్ల కోపం చల్లారుతుంది."

ఆయన మోకరించి ప్రార్థన చేశారు. చివర్లో "నీ చిత్తమైతే" అన్నారు. ఆ మాట తీసేసి మళ్లీ చెయ్యమంది పేగులక్క. ఆ మాట లేకపోతే అది ప్రార్థన కాదమ్మా, ఆజ్ఞ అవుతుందన్నారు. అయితే ఆజ్ఞే వెయ్యండి, పాపం నాకు రాయించండి అంది. పాపం ఆయన ఆ మాట తీసేసి, నాకూ వేలాడే మాంసానికీ తప్ప ఇంకెవరికీ వినబడనంత చిన్న గొంతుతో మళ్లీ చేశారు. సూది కదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం మందిరంలో పెట్టె పెట్టారు. రేకుల కప్పు, ఇరవై బల్లలు, గోడకవతల కబేళా కాలవ. పెట్టెను రెండు ముక్కాలి పీటల మీద ఎత్తుగా ఉంచారు. సూది గడ్డం జారకుండా తల చుట్టూ పొడుగాటి గుడ్డ కట్టారు. చేతులు కుదురుగా ఉండాలని రెండు బొటనవేళ్లూ కలిపి కట్టారు, కాళ్లూ అలాగే. పిడుగు వచ్చి మొదటి బల్ల మీద కూర్చున్నాడు. పెళ్లాం వైపు పెద్దవాడు కదా, అక్కడే కూర్చోవాలి. సమ్మెట మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాడు. తమ్ముళ్లిద్దరూ ఎదురు బల్ల మీద, కోటు చేతుల్లో కత్తులు దాచుకుని. మిగతా కబేళా అంతా వెనకాల. పనిముట్లు బయట పెట్టి రండని ఎవరికీ చెప్పలేదు.

పాస్టరు గారు కళ్లు మూసుకుని ప్రసంగం మొదలుపెట్టారు. లాజరు సమాధి దగ్గర ప్రభువు ఏడ్చాడని చెప్పారు. అక్కడ పెద్ద తమ్ముడు లేచాడు.

మిగతాచోట్ల జనం కొట్టుకుంటే చేతికందినచోట గుద్దుకుంటారు. మావాళ్లు అలా కాదు. ఏ కీలు ఎక్కడ ఊడుతుందో, ఏ నరం ఏ ఎముక చాటున ఉందో ప్రతివాడికీ తెలుసు. పెద్ద తమ్ముడు పిడుగు మెడ మీదికి కత్తి విసిరాడు. పిడుగు తల వంచాడు. ఆ కత్తి వెనక కూర్చున్న గొలుసువాడి చెవిని నున్నగా తీసుకుపోయింది. చెవి ఎగిరి ఎవరిదో పాటల పుస్తకంలో పడింది. పుస్తకం మూసుకుపోయింది. అది పై ఆదివారం దాకా దొరకలేదు, దొరికినప్పుడు సరిగ్గా, మా మొర ఆలకించమని వేడుకునే పాట దగ్గర ఉంది. చెవి పోయినవాడు ఊరుకుంటాడా, పక్కవాణ్ణి పట్టుకుని నెత్తితో మూతి మీద పొడిచాడు. పక్కవాడు బల్ల ఎత్తి ముందువాడి వీపు మీద విరగ్గొట్టాడు. ఇంకేముంది, అయిదు నిమిషాల్లో ఎవరు ఎవరి వైపో మర్చిపోయి నలభై మందీ దిగారు. పక్కటెముకలు విరిగిన చప్పుడు పుల్లలు విరిచినట్టు వినబడింది. ఒకడి బొటనవేలు ఇంకొకడి పళ్ల మధ్య ఉండిపోయింది. నావి ముందు పళ్లు రెండు అక్కడే రాలాయి. తర్వాత నేల మీద వెతికి రెండు తెచ్చుకున్నాను గానీ, అవి నావి కావు.

పాస్టరు గారు బల్ల కిందికి దూరి అక్కణ్ణుంచి ప్రసంగం సాగించారు. ఆ మాట మెచ్చుకోవాలి, ఒక్క వాక్యం కూడా వదల్లేదు.

పిడుగు మొదట చెయ్యి ఎత్తలేదు. పెద్ద తమ్ముడు ఇంకో కత్తితో మళ్లీ మీదికొచ్చి నడుం దగ్గర గీరేసరికి సమ్మెట తిప్పాడు. పెద్ద తమ్ముడి ముంజేయి రెండుగా విరిగి, తెల్లటి ఎముక కోటు చీల్చుకుని బయటికొచ్చింది. అది చూసి చిన్న తమ్ముడు కింది నుంచి దూసుకొచ్చి, తొడ పైభాగంలో, గజ్జ పక్కన కత్తి దించి లాగాడు. అన్న దగ్గర నేర్చుకున్న కోతే అది. ఆ తోపులాటలో ఎవడో వెనక్కి పడి పెట్టెను గుద్దాడు. పెట్టె పీటల మీద నుంచి జారి దబ్బున బోర్లపడింది. సూది దొర్లుకుంటూ వచ్చి పాస్టరు గారి బల్ల కాలికి కొట్టుకున్నాడు.

కొట్టుకుని, కళ్లు తెరిచాడు.

ముందు చూసింది నేనే. నా వేలి కేసి చూసుకున్నాను. అన్నేళ్లలో అది నాతో అబద్ధమాడడం అదే మొదలు. ఒక్కొక్కరే చూశారు. గొంతులు పట్టుకున్నవాళ్లు పట్టు వదలకుండానే తలలు తిప్పారు. సూది మోచేతుల మీద లేచి కూర్చున్నాడు. గడ్డానికి కట్టు, వేళ్లకు కట్టు, కాళ్లకు కట్టు. బల్ల కింద పాస్టరు గారు అతనికి జానెడు దూరంలో ఉన్నారు. ప్రసంగం అప్పుడు ఆగింది.

పాస్టరు గారు బల్ల కింద నుంచే, అతని కట్లు విప్పండి అన్నారు. లాజరు లేచినప్పుడు ప్రభువు అక్కడి జనానికి చెప్పింది అదే కదా. లేపే పని తనది, విప్పే పని వాళ్లది.

పేగులక్క వెళ్లి మొగుడి ముందు కూర్చుంది. అతని మొహం రెండు చేతులా పట్టుకుంది. గడ్డం కట్టు ముడి వదులు చేసింది. అతని కళ్లలోకి చూసింది. పదకొండేళ్ల కాపురం. నోరు తెరవగానే ఏం చెబుతాడో ఆవిడకు తెలిసిపోయింది. బావ వైపు చూస్తూ ఆ కళ్లు అప్పటికే నవ్వుతున్నాయి. నేను చెప్పలేదూ, నీది జోలపాటేనని. ఆ ఒక్క మాట బయటికి వస్తే రెండో దెబ్బ పడుతుంది. ముడి మళ్లీ బిగించేసింది. ముందుకంటే గట్టిగా.

పాస్టరు గారు విప్పమ్మా, విప్పమనే రాసి ఉంది అన్నారు. రాసిన చోట లేచినవాడికి మా అన్నయ్య లాంటి బావ లేడు అయ్యగారూ అంది.

అప్పుడు నాకొకటి తట్టింది. లేచినవాళ్లు లేచి ఏం చెప్పారో వాక్యంలో ఒక్కమాటా రాయలేదట. ఎందుకు రాయలేదా అని ఇప్పటికీ పెద్దపెద్దవాళ్లు ఆలోచిస్తుంటారట. పక్కన ఎవరి పెళ్లామో ఉండి ఉంటుంది.

కానీ సూది చెప్పకపోతే ఏం, చెప్పేవాళ్లు కరువా? వెనక నుంచి ఎవడో, నిద్ర బాగా పట్టిందా సూదీ అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వు పిడుగుకు తగిలింది. ఇరవై రెండేళ్ల పేరు అందరి ముందూ నేల మీద కూర్చుని కళ్లు మిటకరిస్తోంది. అతను సమ్మెట ఎత్తాడు. ఈసారి నడుం దాకా కాదు, నెత్తి మీదికి ఎత్తాడు. లాజరు లేచాక కూడా, లేచాడన్న కోపంతో వాణ్ణి మళ్లీ చంపాలని పెద్దలు ఆలోచన చేశారని పాస్టరు గారు తర్వాత నాకు చెప్పారు. చావడం ఒక ఎత్తు, లేచినవాణ్ణి బతకనివ్వడం ఇంకో ఎత్తు.

పేగులక్క జరగలేదు. మొగుడి తల తన ఒళ్లోకి లాక్కుని, పైకి చూసి మెల్లగా అంది.

"కొట్టు అన్నయ్యా. నువ్వు ఒక్క దెబ్బ మనిషివి. ఇక్కడ ఇద్దరం ఉన్నాం. ఎవరికి వేస్తావో చూసుకో."

సమ్మెట గాల్లోనే ఉండిపోయింది. పిడుగు మొహం తెల్లగా పాలిపోయింది. చెల్లెలి మాటకు అనుకున్నాం. కాదు. అతని ఎడమ బూటు నిండి రక్తం పైనుంచి పొంగుతోంది. సమ్మెట వెనక్కి జారి పడింది. పిడుగు మోకాళ్ల మీదికి, అక్కణ్ణుంచి పక్కకు ఒరిగిపోయాడు. గజ్జ దగ్గర నుంచి రక్తం ఆగి ఆగి ఎగజిమ్ముతోంది. ఆ జిమ్మడం ఏమిటో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. రోజుకు వంద చూస్తాం. అందరికీ దాన్ని తెంపడమే తెలుసు, ఆపడం ఒక్కడికీ తెలీదు. చిన్న తమ్ముడు కత్తి వదిలేసి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. బొమ్మల్లా నిలబడిపోయాం, నలభై మందిమీ.

సూది కదిలాడు. కాళ్లు కట్టేసి ఉన్నాయి, అందుకని పొట్ట మీద పాకుతూ, మోచేతులతో నెట్టుకుంటూ వెళ్లాడు. వెళ్లి, కట్టి ఉన్న రెండు బొటనవేళ్లనూ పిడుగు గజ్జలో, కోతకు పైన, ఎముక మీదికి అదిమాడు. నరం ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పే మనిషి కదా. రక్తం టక్కున ఆగింది.

పాస్టరు గారు బల్ల కింద నుంచి వచ్చి ఆ రక్తం మధ్యలో నిలబడ్డారు. కళ్లు తిరగలేదు. తిరగాలన్న సంగతే గుర్తు రానట్టుంది.

సూది తలెత్తి పెళ్లాం వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ నచ్చదు. వేళ్లు రవ్వంత సడలించాడు. రక్తం మూర ఎత్తున లేచింది. మళ్లీ అదిమాడు, ఆగింది. నుదుటి మీద దెబ్బ ఇంకా ఉబ్బి నల్లగా ఉంది. ముక్కు కింద ఎండిన రక్తం ఉంది. కొట్టినవాడి ప్రాణం అతని రెండు వేళ్ల కింద కొట్టుకుంటోంది. ఎవరూ ఏమీ అనలేరు. వేళ్లు తీస్తే, చచ్చినవాడి మీద నేరం మోపేదెవరు?

పేగులక్క వచ్చి ఎదురుగా కూర్చుంది. కాలు పైన బిగించి కట్టడానికి గుడ్డ కావాలి. చుట్టూ చూసింది. పొడుగాటి గుడ్డ ఒక్కటే కనబడింది, మొగుడి గడ్డానికి. అది విప్పితే నోరు వస్తుంది. విప్పకపోతే అన్న పోతాడు. ఆవిడ ఎక్కువసేపు ఆలోచించలేదు. ముడి విప్పింది. గుడ్డ లాగి అన్న తొడకు మెలేసి బిగిస్తూ, తలెత్తకుండా అంది.

"నిన్ను లేపమని అడిగింది నేను. నీకోసం కాదు. ఇప్పుడు నీ ఇష్టం."

అందరం సూది నోటి వైపే చూశాం. దవడ అటూ ఇటూ కదిపాడు. పెదవులు తడుపుకున్నాడు. బావ మొహం మీదికి వంగాడు. ఇన్నేళ్లుగా గెలవాలనుకున్న మాట నాలుక చివర ఉంది. అది నాకు కనబడింది. దాన్ని మింగడమూ కనబడింది, గొంతు అంత పెద్దగా కదిలింది.

"చచ్చాను బావా," అన్నాడు. "నీ దెబ్బకు నిజంగానే చచ్చాను. లేపింది ఎవరో నాకు తెలీదు."

చూశారా. చచ్చినవాడు లేవడం కంటే పెద్ద వింత అది. సూది ఒక వాదన ఓడిపోయాడు.

పిడుగు కళ్లు సగం మూతలు పడుతున్నాయి. పెదవులు కదిలాయి. మాట రాని మనిషి, వెతికి వెతికి తెచ్చుకున్నాడు.

"లేదు బావా. నిద్రే. నా దెబ్బ మెత్తనైంది."

చచ్చానంటుంటే అన్నాడు సూది. నిద్రే అన్నాడు పిడుగు. చచ్చినవాణ్ణి నేను, నాకు తెలీదా నీకు తెలుసా అన్నాడు సూది, గొంతు పెంచి. కొట్టినవాణ్ణి నేను, నాకు తెలీదా అని పిడుగు సమ్మెట కోసం నేల తడిమాడు. ఇద్దరూ నోరు మూసుకోండి, వేలు కదిలితే ఇద్దరినీ ఒకే పెట్టెలో పెట్టిస్తాను అంది పేగులక్క. అప్పుడు ఏడ్చింది. రెండు రోజుల ఏడుపు ఒక్కసారి వచ్చింది, కానీ ముడి మాత్రం వదల్లేదు.

పశువుల డాక్టరు ఊళ్లోకి అప్పుడే దిగాడట, సంచితో పాటు లాక్కొచ్చారు. గోనెలు కుట్టే దబ్బనంతో పిడుగు తొడ కుట్టాడు. సూది వేళ్లు అంతసేపూ అలాగే ఉన్నాయి, తర్వాత విడదియ్యడానికి వేడినీళ్లు పొయ్యాల్సి వచ్చింది. పిడుగు బతికాడు. కాలు ఈడ్చేవాడు, అంతే. పెద్ద తమ్ముడి చెయ్యి వంకరగా అతుక్కుంది. చిన్న తమ్ముడు ఆ తర్వాత రోజూ పొద్దున్నే వెళ్లి పిడుగు బూటు తొడిగేవాడు.

సూది చావనేలేదని డాక్టరు అన్నాడు. మెదడు అదిరి స్పృహ తప్పిందట, చల్లగది మేలు చేసిందట. పాస్టరు గారు కాస్త చిన్నబోయారు. పేగులక్క ఆయన్నే ఓదార్చింది. పన్నెండేళ్ల పిల్ల దగ్గర ప్రభువు కూడా నిద్రపోతోందనే అన్నాడని, అందరూ నవ్వారని మీరే చదివారు కదా అంది. ఆయన నెత్తుటి బల్ల మీద కూర్చుని, ఇన్నేళ్లూ నేను లేచినవాళ్లనే చూశానమ్మా, పక్కన చేతులు చాచి నిలబడ్డవాళ్లను చూడలేదు అన్నారు. ఆ తర్వాత ఆయన ప్రసంగాలు కొంచెం పొట్టివయ్యాయని కొందరంటారు. నేను నమ్మను.

ఆ రోజు అందరం ఇంకా అక్కడే కూలబడి ఉండగా, మందిరం ఊడ్చే ముసలావిడ చీపురు, బకెట్టు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. విరిగిన బల్లలు చూసింది. బోర్లపడ్డ పెట్టె చూసింది. గోడకు ఆనుకుని మంచినీళ్లు తాగుతున్న సూదిని పైనుంచి కింది దాకా చూసింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని అంది.

"చావడం, లేవడం సరే. ఒక్కడైనా గుమ్మం దగ్గర బూట్లు తుడుచుకుని వచ్చాడా?"